కాలేజీలకి ఏపీ స్కోర్లు ముందే పంపాలా, ఆగాలా? మా ఇంట్లో జరిగింది

మా అమ్మాయి 2025 ఆగస్టులో కాలేజీలో చేరింది. ఏపీ అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అమెరికాలో హైస్కూల్ పిల్లలు రాసే కాలేజీ స్థాయి పరీక్షలు. స్కోరు 1 నుంచి 5 దాకా ఉంటుంది, బాగా వస్తే కాలేజీ ఆ కోర్సు చదివినట్టే లెక్కేసి క్రెడిట్ ఇస్తుంది. ఏపీ స్కోర్ల వ్యవహారం పూర్తిగా ముగిసింది, రావాల్సిన క్రెడిట్లు తన అకౌంట్లో కనబడుతున్నాయి. అందుకే ఇప్పుడు నిదానంగా రాయగలుగుతున్నాను. మేముండేది న్యూజెర్సీలో, ఎడిసన్ దగ్గర. మా చుట్టుపక్కల పదకొండో గ్రేడ్ పిల్లలున్న తెలుగు ఇళ్లన్నిటిలో జూన్ వచ్చేసరికి ఇదే ప్రశ్న. ఈ పరీక్షలు రాశాక, వాటిని నడిపే కాలేజ్ బోర్డ్ వాళ్లు ఒక స్కోర్ రిపోర్టు ఉచితంగా పంపిస్తామంటారు కదా, దాన్ని ఇప్పుడే ఏదో ఒక కాలేజీకి పంపేయాలా, అప్లై చేసేదాకా ఆగాలా? నేను ఎవర్ని అడిగినా తలా ఒక మాట చెప్పారు. మాకు జరిగింది జరిగినట్టు తేదీలతో సహా రాస్తే ఎవరికైనా పనికొస్తుందని కూర్చున్నాను.

పిల్లల స్కోర్లన్నీ అయిదులే అయితే అసలు ఈ గొడవే ఉండదు. మా అమ్మాయివి అలా లేవు. పదో గ్రేడ్‌లో, 2023 మే నెలలో వరల్డ్ హిస్టరీ రాసింది. అదే తన మొదటి ఏపీ. జూలైలో స్కోరు వచ్చింది: 2. అయిదుకి రెండు. క్లాసులో ఏడాదంతా మంచి గ్రేడే వచ్చింది గానీ, పరీక్షలో పెద్ద వ్యాసం సగంలో ఉండగానే టైమ్ అయిపోయిందట. ఆ రోజు మధ్యాహ్నం దాకా తన గదిలోంచి బయటికి రాలేదు. అన్నం పళ్లెం నేనే పైకి పట్టుకెళ్లాను.

నేనూ మా ఆయనా ఇంటర్ మార్కుల మెమో పట్టుకుని తిరిగినవాళ్లం. ఆ మెమోలో ఏ సబ్జెక్టుకి ఎన్ని వచ్చాయో అన్నీ అందరికీ కనబడేవి. ఒకటి చూపించి ఇంకోటి పక్కన పెట్టే అవకాశం మాకెప్పుడూ లేదు. అందుకే ఆ 2 కూడా అలాగే అమ్మాయి వెంట ప్రతి కాలేజీకీ వెళ్తుందని మా ఇద్దరికీ లోపల భయంగానే ఉండేది. పైకి మాత్రం అనలేదు.

పదకొండో గ్రేడ్‌లో నాలుగు ఏపీలు తీసుకుంది: కాలిక్యులస్ బీసీ, కంప్యూటర్ సైన్స్ ఏ, ఇంగ్లిష్ లాంగ్వేజ్, యూఎస్ హిస్టరీ. ఒక్కో పరీక్షకి 98 డాలర్లు, మొత్తం 392. పరీక్షలు మే నెలలోనే అయినా ఈ డబ్బు ముందు శరదృతువులోనే కట్టాలి, నవంబర్ 15 లోపు స్కూలు ఆర్డర్ పెట్టేస్తుంది. ఇది తెలియని ఇళ్లలో నవంబర్‌లో హడావిడి అవుతుంది, ఎందుకంటే ఆ గడువు దాటితే ఒక్కో పరీక్షకి 40 డాలర్లు అదనం.

2024లో పరీక్షలు మే 6 నుంచి 17 వరకు జరిగాయి. ఆ రెండు వారాలూ ఇల్లు ఎలా ఉంటుందో పిల్లలున్నవాళ్లకి చెప్పక్కర్లేదు. అసలు సంగతి జూన్‌లో మొదలైంది.

జూన్ మొదటి వారంలో ఒక సాయంత్రం మా ఆయన అమ్మాయి పక్కన కూర్చుని తన ఏపీ అకౌంట్ చూస్తున్నారు. ఉచిత రిపోర్టు ఏ కాలేజీకి పంపాలో జూన్ 20 లోపు ఎంచుకోమని అక్కడ ఉంది. ఆయన వెంటనే, "ఫ్రీగా ఇస్తుంటే వదులుకోవడం ఎందుకు? తర్వాత పంపాలంటే ఒక్కో కాలేజీకి 15 డాలర్లు. అయినా ముందే పంపితే మనకి వాళ్లంటే ఆసక్తి ఉందని కాలేజీకి తెలుస్తుంది కదా" అన్నారు. మాకు తెలిసిన ఒక కుటుంబం తొమ్మిదో గ్రేడ్ నుంచీ ఏటా ఆ ఉచిత రిపోర్టుని తమకి ఇష్టమైన యూనివర్సిటీకే పంపుతూ వచ్చింది. ఆ మాట ఆయన మనసులో ఉంది.

అమ్మాయి మొహం మారిపోయింది. "నాన్నా, వెళ్లేది ఈ ఏడాది స్కోర్లు మాత్రమే కాదు. రిపోర్టులో అన్నీ ఉంటాయి. వరల్డ్ కూడా వెళ్తుంది" అంది.

నిజమేనా అని ముగ్గురం కూర్చుని చదివాం. నిజమే. ఏపీ స్కోర్ రిపోర్టు అంటే పిల్లలు అప్పటిదాకా రాసిన ఏపీ పరీక్షలన్నిటి చరిత్ర. ఇది పంపు, అది వద్దు అని టిక్కు పెట్టే గడి అక్కడ లేదు. పైగా స్కోర్లు వచ్చేది జూలైలో, కాలేజీ ఎంచుకోవాల్సింది జూన్ 20 లోపు. అంటే ఈ ఏడాది నాలుగు పరీక్షల్లో ఎంత వచ్చిందో తెలియకుండానే వాటిని పంపడానికి ఒప్పుకోవాలి. ఒకసారి వెళ్లాక వెనక్కి తెచ్చుకునే దారి లేదు.

ఏదైనా ఒక స్కోరుని రిపోర్టులో కనబడకుండా చేయడానికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి, ఆ స్కోరుని ఫలానా కాలేజీకి చూపించకుండా ఆపమని సంతకం పెట్టి అడగడం. దానికి ఒక్కో స్కోరుకి, ఒక్కో కాలేజీకి 10 డాలర్లు. ఆ ఏడాది ఉచిత రిపోర్టులో కనబడకూడదంటే ఆ కాగితం జూన్ 15 కల్లా వాళ్లకి చేరాలి. రెండోది, స్కోరుని పూర్తిగా కాన్సిల్ చేయించడం. అది ఉచితం, కానీ ఆ స్కోరు శాశ్వతంగా పోతుంది, మళ్లీ రాదు. ఆపిన స్కోరునైతే తర్వాత ఎప్పుడైనా విడుదల చేయించుకోవచ్చు.

ఇది చదవగానే అమ్మాయి, "అమ్మా, కాన్సిల్ చేసేద్దాం, పీడా పోతుంది" అంది. చేత్తో టేబుల్ మీద గీతలు గీస్తూ ఆ మాట అంది. ఒక్క అంకె పిల్లని ఇంతగా పట్టుకుని ఉందని నాకు అప్పుడే పూర్తిగా అర్థమైంది. "ఎవరూ అడగని స్కోరుని ఎందుకు చెరిపేయడం? ముందు కౌన్సెలర్‌ని కలుద్దాం" అని ఆపాను.

జూన్‌లో స్కూల్ కౌన్సెలర్‌తో టైమ్ దొరకడం తేలిక కాదు. పన్నెండో గ్రేడ్ పిల్లల ఫైనల్ ట్రాన్‌స్క్రిప్టులు (హైస్కూల్ మార్కుల రికార్డులు), గ్రాడ్యుయేషన్ పనుల్లో మునిగి ఉంటారు. ఈమెయిల్ పెట్టిన వారానికి పదిహేను నిమిషాలు ఇచ్చారు. ఆ పదిహేను నిమిషాల్లో మా టెన్షన్ సగం తగ్గింది. ఆవిడ చెప్పిన మాటల సారాంశం ఇది: అప్లై చేసేటప్పుడు దాదాపు అన్ని కాలేజీలూ పిల్లలు తామే అప్లికేషన్‌లో రాసిన ఏపీ స్కోర్లని చూస్తాయి. అఫీషియల్ రిపోర్టు అడిగేది చేరాక, క్రెడిట్ ఇవ్వడానికి. అప్లికేషనే లేని పిల్లల స్కోరు కాలేజీకి ముందుగా వెళ్తే దాన్ని పెట్టడానికి అక్కడ ఫైలే ఉండదు. ఆసక్తి చూపించడం అన్న మాటకి ఆవిడ తల అడ్డంగా ఊపారు. కాలేజీలు ఆసక్తిని చూసేది క్యాంపస్‌కి వెళ్లారా, సమాచార సమావేశాలకి హాజరయ్యారా లాంటివాటిలోనట, స్కోర్ రిపోర్టులో కాదట.

ఆవిడే ఇంకో మాట అన్నారు. నేనైతే అది అడిగి ఉండేదాన్ని కాదు. కొన్ని హైస్కూళ్లు ఏపీ పరీక్ష స్కోర్లని ట్రాన్‌స్క్రిప్ట్ మీదే వేస్తాయి. అలా వేస్తే ఇక పంపాలా వద్దా అన్న చర్చే అనవసరం, కాలేజీకి అన్నీ కనబడతాయి. మా స్కూలు వేయదు, క్లాసు పేరు, గ్రేడు మాత్రమే ఉంటాయి. ఆ వారంలోనే పక్క టౌన్‌లో ఉండే ఒక స్నేహితురాలికి ఈ సంగతి చెప్తే, వాళ్ల అబ్బాయి ట్రాన్‌స్క్రిప్ట్ తీసి చూసింది. చివర్లో ఏపీ స్కోర్లన్నీ వరసగా ఉన్నాయి. వాళ్లబ్బాయివి మంచివే కాబట్టి ఇబ్బంది లేదు, కానీ మూడేళ్లలో ఆ సంగతి ఎవరూ వాళ్లకి చెప్పలేదు.

ఇంటికొచ్చి మళ్లీ మాట్లాడుకున్నాం. మా ఆయనకి ఇంకా ఉచితం మీదే మనసుంది. నేను కాగితం మీద లెక్క వేసి చూపించాను. ఆ 2ని ఆపి ఉచిత రిపోర్టు పంపాలంటే పది డాలర్లు, సంతకం, జూన్ 15 లోపు చేరేలా పంపడం. ఆపకుండా పంపితే పిల్ల మనసులో ఏడాదంతా బెంగ. ఏమీ పంపకపోతే ఖర్చు సున్నా. పన్నెండో గ్రేడ్‌లో మళ్లీ ఏపీలు రాస్తుంది కాబట్టి మళ్లీ ఒక ఉచిత రిపోర్టు వస్తుంది, అప్పటికి ఏ కాలేజీలో చేరుతుందో కూడా తేలిపోతుంది. ఆయన ఆ కాగితం కాసేపు చూసి, "సరే, వచ్చే ఏడాదికే వాడదాం" అన్నారు. 2024 జూన్ 20న మేం ఏ కాలేజీనీ ఎంచుకోలేదు. ఆ రాత్రి పన్నెండింటికి ఆ గడువు దాటిపోయిందని తెలిసి నేను ఇంకోసారి ఆలోచించాను, సరైన పనే చేశామా అని. నిద్ర పట్టడానికి కాస్త టైమ్ పట్టింది.

జూలై 8న స్కోర్లు వచ్చాయి. కాలిక్యులస్ 5, కంప్యూటర్ సైన్స్ 5, ఇంగ్లిష్ 4, యూఎస్ హిస్టరీ 3. అమ్మాయి చదువుతున్నప్పుడు నేను పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే గరిటె పట్టుకుని నిలబడిపోయాను. కాలిక్యులస్ దగ్గర గట్టిగా అరిచింది. హిస్టరీ దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గింది. "మళ్లీ హిస్టరీనే" అంది. ఆ 3 నిజానికి పాస్ కిందే లెక్క, చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో క్రెడిట్ కూడా ఇస్తారు. కానీ తన చుట్టూ ఉన్న పిల్లలు మాట్లాడుకునే భాషలో 3 అంటే తక్కువే. మా ప్రాంతంలో పిల్లల మీద ఈ ఒత్తిడి ఎంత ఉందో తలచుకుంటే నాకు బాధ వేస్తుంది. పదహారేళ్ల పిల్ల కాలేజీ స్థాయి పరీక్ష రాసి గట్టెక్కితే అందరం మెచ్చుకోవాలి.

ఆగస్టు 1న కామన్ యాప్ (చాలా కాలేజీలకి ఒకే చోట అప్లై చేసే వెబ్‌సైట్) తెరిచింది. నేను కూడా పక్కన కూర్చున్నాను. టెస్టింగ్ అనే భాగంలో ముందు, స్కోర్లు మీరే రాయాలనుకుంటున్నారా అని అడుగుతుంది. అవునంటే ఏ పరీక్షలో ఎంచుకోమంటుంది. ఏపీ ఎంచుకుంటే, ఎన్ని ఏపీ పరీక్షలు చూపించాలనుకుంటున్నారు, ఇకముందు రాయబోయేవి కూడా కలిపి చెప్పండి అని ఉంటుంది. అంటే ఎన్ని రాశావు అని అడగడం లేదు, ఎన్ని చూపిస్తావు అనే అడుగుతోంది. అమ్మాయి ఆ వాక్యం మీద వేలు పెట్టి నాకు చూపించింది. తర్వాత ఒక్కో పరీక్షకి తేదీ, సబ్జెక్టు, స్కోరు. రాయబోయే మూడు పరీక్షలకి స్కోరు లేకుండా తేదీ మాత్రం.

వరల్డ్ హిస్టరీ వదిలేయడంలో ఎవరికీ సందేహం లేదు. ఆ 3 దగ్గర ఆగాం. చూపించకపోతే, ట్రాన్‌స్క్రిప్ట్‌లో యూఎస్ హిస్టరీ ఏపీ క్లాసు ఉంది కదా, స్కోరు ఎందుకు లేదని అనుకుంటారేమో. చూపిస్తే రెండు అయిదుల పక్కన 3 కనబడుతుంది. మా ఆయన చూపించాలన్నారు, నాకు ఏ అభిప్రాయమూ గట్టిగా లేదు. కౌన్సెలర్‌ని సెప్టెంబర్‌లో అడిగితే, కాలేజీని బట్టి నిర్ణయించుకోమన్నారు. ఆ కాలేజీలో చేరే పిల్లల్లో ఎక్కువమందికి 4, 5 వచ్చే చోట వదిలేయవచ్చు, 3కి క్రెడిట్ ఇచ్చే చోట చూపించవచ్చు. టెస్టింగ్ భాగాన్ని ఒక కాలేజీకి సబ్మిట్ చేశాక మార్చి, తర్వాతి కాలేజీకి వేరేగా పంపొచ్చని కూడా అప్పుడే తెలిసింది. ఇది చాలా పనికొచ్చింది.

ఆ వారాంతాల్లో నేను ఒక్కో కాలేజీ అడ్మిషన్ పేజీ చదివి స్ప్రెడ్‌షీట్‌లో రాసుకున్నాను. ఒక్కో చోట ఒక్కో రకం. యేల్‌ వాళ్లు 2024 ఫిబ్రవరిలో కొత్త పద్ధతి ప్రకటించారు: శాట్, యాక్ట్ (రెండూ కాలేజీ ప్రవేశానికి రాసే పరీక్షలు), ఏపీ, ఐబీ (ఏపీ లాంటిదే ఇంకో హైస్కూల్ కోర్సు), వీటిలో ఏదో ఒక రకం స్కోర్లు తప్పనిసరిగా ఇవ్వాలి. శాట్ బదులు ఏపీలతో ఆ షరతు తీర్చాలనుకునేవాళ్లు మాత్రం అప్పటిదాకా రాసిన ఏపీలన్నీ చెప్పాలి, కొన్ని ఎంచుకోవడం కుదరదు. మా అమ్మాయికి చెప్పుకోదగ్గ శాట్ స్కోరు ఉంది కాబట్టి శాట్‌తోనే వెళ్లింది. శాట్ లేకుండా ఏపీల మీద ఆధారపడదామనుకునే పిల్లలు ఈ ఒక్క నియమం రెండుసార్లు చదువుకోవాలి. కాలిఫోర్నియా యూనివర్సిటీ క్యాంపస్‌ల సంగతి వేరు. అక్కడ శాట్ చూడనే చూడరు. అప్లికేషన్‌లో ఏపీ స్కోర్లు మనమే రాయాలి, 3 నుంచీ క్రెడిట్ ఇస్తారు. అందుకని అక్కడ తన 3ని ధైర్యంగా రాసింది. ఎమ్‌ఐటీలో కాలిక్యులస్ బీసీకి 5 వస్తే మొదటి కాలిక్యులస్ కోర్సుకి క్రెడిట్ ఇస్తారు. కాల్‌టెక్‌లో ఎన్ని అయిదులున్నా ఏపీకి క్రెడిట్ లేదు. ఇవన్నీ చదివాక నాకు అనిపించింది, ముందే ఏదో ఒక కాలేజీకి పంపేయడం కంటే ఏ కాలేజీ ఏం చేస్తుందో చదవడానికి ఆ సాయంత్రాలు ఖర్చు పెట్టడమే మేలని. బ్రిటన్‌కి అప్లై చేసే పిల్లలకి ఇవేవీ వర్తించవు, అక్కడ చాలా యూనివర్సిటీలు ఏపీ స్కోర్లనే సీటుకి షరతుగా పెడతాయి.

నవంబర్ 1కి ఎర్లీ యాక్షన్ (ముందే పెట్టి, ముందే జవాబు తెలుసుకునే) అప్లికేషన్లు వెళ్లాయి, ఆ నెలాఖరుకి కాలిఫోర్నియావి, జనవరి 2కి మిగతావి. ఒక్క కాలేజీకి కూడా ఏపీ అఫీషియల్ రిపోర్టు పంపలేదు. ఎవరూ అడగనూ లేదు. డిసెంబర్‌లో ఒక కాలేజీ పోర్టల్‌లో చెక్‌లిస్టులో ఏపీ స్కోర్లు అని ఒక వరుస కనబడి గుండె ఝల్లుమంది. దగ్గరికి వెళ్లి చూస్తే ఐచ్ఛికం అని చిన్న అక్షరాల్లో ఉంది. మీ పిల్లల పోర్టల్‌లో కూడా అలాంటివి కనబడొచ్చు, కంగారు పడకండి.

జనవరి నుంచి మార్చి దాకా ఎదురుచూపులు. కొన్ని చోట్ల వచ్చింది, కొన్ని చోట్ల రాలేదు, ఒక చోట వెయిట్‌లిస్ట్. చేరిన యూనివర్సిటీ పేరు రాయొద్దని అమ్మాయి అంది, అందుకని రాయడం లేదు. పెద్ద ప్రభుత్వ యూనివర్సిటీ, తనకి కావాల్సిన ఇంజనీరింగ్. మే 1కి ముందే డిపాజిట్ కట్టాం.

అదే మే నెలలో చివరి మూడు ఏపీలు: స్టాటిస్టిక్స్, ఫిజిక్స్ సీ మెకానిక్స్, ఇంగ్లిష్ లిటరేచర్. ఈసారి ఒక్కోటి 99 డాలర్లు, 297. 2025 నుంచి చాలా పరీక్షలు బ్లూబుక్ అనే యాప్‌లోకి మారాయి. లిటరేచర్ మొత్తం ల్యాప్‌టాప్ మీదే. ఫిజిక్స్, స్టాటిస్టిక్స్‌లో ప్రశ్నలు తెర మీద, పెద్ద జవాబులు మాత్రం కాగితం మీద చేత్తో. సీటు వచ్చేశాక పిల్లలకి చదవాలని ఉండదు. తనకి ఒక భయం కూడా ఉండేది, ఈ స్కోర్లు బాగా రాకపోతే సీటు తీసేస్తారేమోనని. కౌన్సెలర్ స్పష్టంగా చెప్పారు, కాలేజీ చూసేది ఫైనల్ గ్రేడ్లు, ఏపీ స్కోర్లు కాదు అని.

జూన్ వచ్చింది. పోయినేడాది వదిలేసి, ఈసారి వాడదామనుకున్న ఉచిత రిపోర్టు ఇప్పుడు వాడాలి. ఇక్కడ ఇంకో చిక్కు. వెయిట్‌లిస్ట్ కాలేజీ ఇంకా ఏమీ తేల్చలేదు, జూన్ 20 దగ్గరికొస్తోంది. ఉచితం ఒక్క కాలేజీకే. డిపాజిట్ కట్టిన చోటే పెట్టేశాం. వెయిట్‌లిస్ట్ వస్తే ఆ 15 డాలర్లు అప్పుడు కడదామనుకున్నాం. జూన్ చివర్లో అక్కడ సీట్లు నిండిపోయాయని ఈమెయిల్ వచ్చింది.

ఈసారి వరల్డ్ హిస్టరీ 2ని ఆపించాలా అని నేనే అడిగాను. జూన్ 15కి ఇంకా నాలుగైదు రోజులున్నాయి. అమ్మాయి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "అమ్మా, సీటు వచ్చేసింది కదా. పోనీ, వెళ్లనీ" అంది. ఏడాది కింద కాన్సిల్ చేద్దామని టేబుల్ మీద గీతలు గీసిన పిల్లే ఈ మాట అనడం విని నాకు చాలా సంతోషమేసింది.

తర్వాత ఎవరూ ముందు చెప్పని సంగతి ఒకటి ఎదురైంది. ఓరియంటేషన్ జూన్ ఆఖరి వారంలో పెట్టారు. ఆ రోజే అడ్వైజర్‌తో కూర్చుని మొదటి సెమిస్టర్ క్లాసులు ఎంచుకోవాలి. కానీ అఫీషియల్ రిపోర్టు వెళ్లేది జూలైలో, కొత్త స్కోర్లతో కలిపి. కాలిక్యులస్‌లో 5 ఉంది కాబట్టి తను మూడో కాలిక్యులస్‌లో కూర్చోవచ్చు, అయితే యూనివర్సిటీ సిస్టమ్‌కి ఆ 5 తెలియదు. క్లాసు ఎంచుకోగానే ఎర్రక్షరాలతో ముందు చదవాల్సిన కోర్సు లేదని వచ్చింది. అదృష్టవశాత్తూ అమ్మాయి తన ఏపీ అకౌంట్ నుంచి స్కోర్ రిపోర్టు పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేసి ఫోన్‌లో పెట్టుకుంది. అడ్వైజర్ అది చూసి, చేత్తో అనుమతి ఇచ్చి క్లాసులో చేర్చారు. అఫీషియల్ రిపోర్టు ఆగస్టు లోపు రాకపోతే క్లాసు పోతుందని మాత్రం గట్టిగా చెప్పారు. ఓరియంటేషన్‌కి ముందే 15 డాలర్లు కట్టి ఆ పాత స్కోర్లు పంపి ఉంటే ఇదంతా ఉండేది కాదు. తొందరగా ఓరియంటేషన్ ఉన్నవాళ్లు ఆ దారి ఆలోచించొచ్చు. మాకు పీడీఎఫ్‌తో సరిపోయింది.

జూలై 7న స్కోర్లు వచ్చాయి. స్టాటిస్టిక్స్ 5, ఫిజిక్స్ 4, లిటరేచర్ 4. ఇంట్లో పాయసం చేశాను.

వారం గడిచింది. కాలేజ్ బోర్డ్ అకౌంట్‌లో రిపోర్టు పంపినట్టు ఉంది, యూనివర్సిటీ పోర్టల్‌లో అందలేదనే ఉంది. రెండో వారం కూడా అంతే. అమ్మాయి ఫోన్ చేస్తే చాలాసేపు లైన్‌లో ఉంచి, చివరికి ఒకావిడ వెతికి చెప్పారు: స్కోర్లు వచ్చాయి, కానీ ఎవరివో తేలని ఫైల్‌లో పడి ఉన్నాయి. కారణం పేరు. మా ఇంటిపేరు పొడుగు, అమ్మాయి పేరు రెండు ముక్కలు. హైస్కూల్ రికార్డుల్లో, దాంతోపాటు ఏపీలోనూ, రెండో ముక్క మిడిల్ నేమ్ గడిలో ఉంది. యూనివర్సిటీ అప్లికేషన్‌లో పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టు రెండు ముక్కలూ ఫస్ట్ నేమ్‌లో ఉన్నాయి. మన తెలుగు పేర్లతో ఇది ఎక్కడైనా జరగొచ్చు. పుట్టినతేదీ, యూనివర్సిటీ ఐడీ, ఏపీ ఐడీ మూడూ ఈమెయిల్‌లో పంపమన్నారు. పంపిన మూడో రోజుకి అన్నీ సరైన చోటికి వచ్చాయి. చేరే పిల్లలకి స్టూడెంట్ ఐడీ ఉంది కాబట్టి మూడు రోజుల్లో తేలింది. అప్లికేషన్ కూడా పెట్టని ఏడాదిలో, ఏ ఐడీ లేకుండా పంపిన రిపోర్టు అయితే ఎక్కడ తేలి ఉండేదో ఊహించుకోండి.

జూలై ఆఖరుకి క్రెడిట్లు పడ్డాయి. కాలిక్యులస్ రెండు కోర్సులకి, కంప్యూటర్ సైన్స్‌కి, స్టాటిస్టిక్స్‌కి, ఇంగ్లిష్‌కి వచ్చాయి. ఫిజిక్స్ 4కి ఇంజనీరింగ్ విభాగం ఒప్పుకోలేదు, ఆ కోర్సుకి 5 కావాలట. అందుకని మెకానిక్స్ మళ్లీ చదువుతోంది. వరల్డ్ హిస్టరీ 2 రిపోర్టులో ఉంది, అందరికీ కనబడింది. దాని గురించి ఒక్కరూ ఒక్క మాట అడగలేదు. క్రెడిట్ల జాబితాలో ఆ వరుసలో ఏమీ లేదు, అంతే. డాక్టర్ చదవాలనుకునే పిల్లల తల్లిదండ్రులు మాత్రం క్రెడిట్ వచ్చినా ఆ కోర్సు వదిలేసే ముందు మెడికల్ స్కూళ్లు ఏమంటాయో చూసుకోవాలి. కొన్ని మెడికల్ స్కూళ్లు తప్పనిసరి సైన్స్ కోర్సులకి ఏపీ క్రెడిట్‌ని ఒప్పుకోవు.

మొత్తం ఎనిమిది పరీక్షలకి మాకైన ఖర్చు 786 డాలర్లు. స్కోర్లు పంపడానికి ఒక్క డాలర్ కూడా పెట్టలేదు.

యూఎస్ హిస్టరీ 3కి ఈ యూనివర్సిటీలో క్రెడిట్ లేదు, 4 కావాలి. ఆ అవసరం తీర్చుకోవడానికి వచ్చే వసంతం సెమిస్టర్‌లో ఒక హిస్టరీ క్లాసు తీసుకుంటోంది. ఏది తీసుకోవాలా అని రెండు క్లాసుల సిలబస్‌లు ముందు పెట్టుకుని మొన్న రాత్రి ఫోన్‌లో నాకు చదివి వినిపించింది. పౌర హక్కుల ఉద్యమం మీద ఉన్నదే తీసుకుంటానంది.